కుంగిన పెంకుల సావిడి: కూల్చాలా, నిలబెట్టాలా?

30 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పున్న గొడ్ల సావిడి. మట్టిగోడలు, తాటి దూలాలు, బెంగుళూరు పెంకులు. కొప్పు నడుమ కుంగింది, పడగొట్టి రేకులు వేయమంటున్నారు, ఏం చేయాలి అని ఒకరు అడిగారు. గోడలు నిటారుగా ఉంటే పడగొట్టొద్దు.

కుంగింది కొప్పే అయినా రోగం చాలాసార్లు గోడలో దాగిన దూలం మొనలో ఉంటుంది. స్క్రూడ్రైవరుతో పొడవండి. అంగుళం లోతు సులువుగా దిగితే ఆ మొన అయిపోయినట్టే. తాటికి పైన చేవ గట్టిగా కనిపిస్తున్నా లోపలి మెత్తటి భాగాన్ని చెద తినేస్తుంది. అందుకే సుత్తితో తట్టి డొల్ల చప్పుడు కూడా వినాలి.

ముందు దూలాల కింద సర్వి బాదులు దన్ను పెట్టి, ఆ తర్వాతే పెంకులు దించాలి. రెండు వాలుల మీదా సమానంగా, కొప్పు నుంచి చూరు వైపు. ఒక వాలు ఖాళీ చేసి కూలీలు భోజనానికి వెళ్తే, రెండో వాలు బరువు గోడను తోసేస్తుంది. కుంగిన దూలాన్ని జాకీతో రోజుకు పావు అంగుళమే లేపండి. తొందరపడితే గోడ బీటలిస్తుంది.

నడిమి దూలం కుళ్లితే అతుకులు వద్దు, మార్చేయడమే. కొత్త మొన కింద బండరాయి పెట్టి, చుట్టూ వేలు పట్టేంత సందు వదలండి. మేస్త్రి ఆ సందును సిమెంటుతో కూరేస్తానంటే ఒప్పుకోవద్దు. చెమ్మ బయటికి పోక మొన మళ్లీ కుళ్లుతుంది. గోడకు సిమెంటు పూత వేసినా ఇదే గతి, కొన్నాళ్లకు పెచ్చులుగా ఊడి మట్టినీ లాక్కుపోతుంది. పాటిమన్నులో (పాత ఊరి దిబ్బ మట్టి) వరిగడ్డి ముక్కలు కలిపి వారం నానబెట్టి, తొక్కించి మెత్తండి. పైన సున్నం చాలు.

వీధి రోడ్డు ఎత్తు పెరిగి సావిడి గుంటలో పడిందేమో చూడండి. అలా అయితే చూరు నీళ్లు గోడ పాదంలోకే ఇంకుతాయి. గోడ చుట్టూ 3 అడుగుల మేర అడుక్కి పావు అంగుళం వాలు పెట్టాలి.

చూరుతో కలిపి కప్పు సుమారు 665 చదరపు అడుగులు. 100 చదరపు అడుగులకు 140 పెంకుల లెక్కన, విరిగేవి కూడా కలుపుకుని 1,000 పెంకులు కావాలి. పాతవాటిని వేలితో కొడితే ఖంగుమనాలి, బొంగురుగా మోగితే పక్కన పడేయండి. కొత్తవీ పాతవీ ఒకే వాలు మీద కలపొద్దు. కంపెనీ మారితే గాడి కలవదు, నీళ్లు కారతాయి. మంచి పాతవన్నీ ఒక వాలుకి, కొత్తవి రెండో వాలుకి వాడుకోండి.