మా దగ్గర నడిచింది, వాళ్ల దగ్గర నడవదేం?

ఈ నెల ఉత్తరాలన్నిటిదీ దాదాపు ఒకటే గోడు. విండోస్‌లో రాసిన స్క్రిప్టు లినక్స్‌లో మొరాయించిందని కొందరు, మ్యాక్ నుంచి తెచ్చుకున్న ఫైళ్లు కనబడుతూనే దొరకడం లేదని కొందరు. పుస్తకాలకు పేజీలు కట్టే పని నాది. మా దగ్గర టైపింగ్ విండోస్‌లో, పేజీ మేకప్ మ్యాక్‌లో, బ్యాకప్పులు లినక్స్ సర్వర్లో. ఈ మూడింటి మధ్య ఫైళ్లు తిప్పే స్క్రిప్టులు నేనే చూసుకుంటాను కాబట్టి ఈ గోడు నాకు బాగా తెలుసు. ఎక్కువమంది పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష గురించే అడిగారు, ఉదాహరణలు అందులోనే ఇస్తున్నాను.

ప్రశ్న: మేడం, ఫొటోల సైజు తగ్గించే ప్రోగ్రామ్‌ను పైథాన్ నుంచి నడుపుతున్నాను. ప్రోగ్రామ్ పేరు, ఆప్షన్లు, ఫైలు పేరు అన్నీ కలిపి ఒకే స్ట్రింగ్‌గా (అక్షరాల వరసగా) సబ్‌ప్రాసెస్ రన్‌కు, అంటే ఇంకో ప్రోగ్రామ్‌ను నడిపే పైథాన్ ఫంక్షన్‌కు ఇచ్చాను. విండోస్‌లో బాగా నడుస్తోంది. మా తమ్ముడి లినక్స్ లాప్‌టాప్‌లో మాత్రం ‘అలాంటి ఫైలు లేదు’ అంటోంది. ప్రోగ్రామ్ అందులో ఉంది, టెర్మినల్లో చేత్తో కొడితే నడుస్తోంది కూడా. ఏమిటీ మాయ?

జవాబు: మాయేమీ లేదండీ. మీరిచ్చిన స్ట్రింగ్ మొత్తాన్నీ, మధ్యలో ఖాళీలతో సహా, ప్రోగ్రామ్ పేరే అనుకుంది లినక్స్. అంత పొడుగు పేరున్న ప్రోగ్రామ్ దానికి ఎక్కడా దొరకలేదు. చేత్తో కొట్టినప్పుడు నడిచిందంటే, అక్కడ ముక్కలు చేసిపెట్టడానికి షెల్ (కొట్టిన కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రామ్) ఉంది. మీ స్క్రిప్టుకీ ప్రోగ్రామ్‌కీ మధ్య షెల్ లేదు.

లినక్స్‌లో, మ్యాక్‌లో ఒక ప్రోగ్రామ్ ఇంకోదాన్ని నడిపేటప్పుడు ఆర్గ్యుమెంట్లు (దానికి అందించే ఆప్షన్లు, ఫైలు పేర్లు) విడివిడిగా వెళ్తాయి. మొదటిది ఇది, రెండోది ఇది అని ముందే విడదీసి ఇస్తారు. విండోస్‌లో క్రియేట్‌ప్రాసెస్ అనే ఫంక్షన్‌కు ఒకే ఒక్క పొడుగాటి స్ట్రింగ్ వెళ్తుంది. దాన్ని ఎక్కడ విరగ్గొట్టుకోవాలో అవతల లేచిన ప్రోగ్రామే చూసుకోవాలి. చాలావరకు మైక్రోసాఫ్ట్ సీ లైబ్రరీ పద్ధతిలోనే విడగొట్టుకుంటాయి కానీ, అలాగే చేయాలన్న నిర్బంధం ఏదీ లేదు. మీ స్ట్రింగ్ విండోస్‌లో చెల్లుబాటు అయింది అందుకే. అదీ ఫైలు పేరులో ఖాళీ లేనంతవరకే! ‘అమ్మ ఫొటో 12’ లాంటి పేరు ఇచ్చి చూడండి, అక్కడా తన్నేస్తుంది.

కాబట్టి స్ట్రింగ్ వద్దు, లిస్టు ఇవ్వండి. ప్రోగ్రామ్ పేరు ఒక అంశం, ఒక్కో ఆప్షన్ ఒక్కో అంశం, ఫైలు పేరు ఇంకో అంశం. విండోస్‌లో ఆ లిస్టును కొటేషన్లు పెట్టి స్ట్రింగ్‌గా మార్చే పని పైథానే చేసుకుంటుంది. ఫైలు పేరుకు మీరు సొంతంగా కొటేషన్లు తగిలించకండి. తగిలిస్తే లినక్స్‌లో ఆ కొటేషన్లు కూడా పేరులో భాగమైపోతాయి.

‘షెల్ ట్రూ అని పెడితే సరిపోతుంది’, అంటే షెల్ మీదుగా నడపమంటే చాలు అని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఆ సలహా నాకు బొత్తిగా నచ్చదు. లిస్టు ఇచ్చి షెల్ ట్రూ పెడితే లినక్స్‌లో మొదటి అంశం ఒక్కటే కమాండ్‌గా నడుస్తుంది, మిగతావి మీ ప్రోగ్రామ్‌కు చేరవు. స్ట్రింగ్ ఇచ్చి పెడితే ముక్కలైతే అవుతుంది కానీ, ఎవరో పంపిన ఫైలు పేరులో సెమీకోలన్ ఉందనుకోండి, దాని తర్వాత ఉన్నదాన్ని షెల్ ఇంకో కమాండ్‌గా నడిపేస్తుంది. విండోస్‌లో బ్యాచ్ ఫైళ్లను (కమాండ్లు వరసగా రాసిపెట్టిన ఫైళ్లను) నడిపేటప్పుడైతే మీరు షెల్ అడగకపోయినా విండోస్ షెల్ అయిన సీఎండీ దిగుతుంది, ఎందుకంటే బ్యాచ్ ఫైలును చదవగలిగింది అదే. దాని కొటేషన్ల పద్ధతి వేరు. 2024 ఏప్రిల్‌లో రస్ట్ భాష 1.77.2 వెర్షన్ వచ్చింది ఈ లొసుగు వల్లే. బ్యాచ్ ఫైళ్లకు ఇచ్చే ఆర్గ్యుమెంట్లలో కమాండ్లు దూర్చే వీలుందని బయటపడింది. అన్ని సందర్భాలకూ సరిపోయే మందు దొరక్క, భద్రంగా పంపలేని ఆర్గ్యుమెంటు వస్తే ఎర్రర్ ఇచ్చి ఆగిపోయేలా చేశారు. భాషను తయారుచేసినవాళ్లకే అంత తలనొప్పి అయినప్పుడు, బయటివాళ్లు పెట్టిన ఫైలు పేర్లను బ్యాచ్ ఫైలుకు ఇవ్వకుండా ఉండటమే మనకు క్షేమం.

ఇంకొక్క మాట. లిస్టుకు మారాక ‘నక్షత్రం డాట్ జేపీజీ’ పనిచేయడం లేదని మళ్లీ రాస్తారేమో, ఇప్పుడే చెప్పేస్తాను. ఆ నక్షత్రాన్ని ఫైలు పేర్లుగా విడమరిచేది లినక్స్‌లో షెల్. షెల్ లేదు కాబట్టి ఎవరూ విడమరచరు. విండోస్‌లో సీఎండీ ఎప్పుడూ ఆ పని చేయదు, ప్రోగ్రామే చేసుకోవాలి. రెండు చోట్లా ఒకేలా ఉండాలంటే పైథాన్‌లోని గ్లాబ్ మాడ్యూల్‌తో ఫైళ్లు మీరే ఏరుకుని లిస్టులో పెట్టండి. మరీ వేల ఫైళ్లు ఒకేసారి ఇవ్వకండి. విండోస్‌లో మొత్తం కమాండ్ 32,767 అక్షరాలు దాటకూడదు, సీఎండీ మీదుగా అయితే 8,191.

ప్రశ్న: మా సహోద్యోగి విండోస్‌లో రాసి పంపిన స్క్రిప్టును లినక్స్ సర్వర్లో పెట్టి, ఎగ్జిక్యూట్ పర్మిషన్ కూడా ఇచ్చాను. నడిపితే ‘నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’ అంటోంది. ఫైలు నా కళ్ల ముందే ఉంది!

జవాబు: అది లేదంటున్నది మీ ఫైలు గురించి కాదు, దాన్ని దేనితో నడపాలో చెబుతూ మొదటి లైనులో రాసిన పైథాన్ గురించి. విండోస్ ఎడిటర్లు చాలావరకు లైను చివర రెండు గుర్తులు పెడతాయి: క్యారేజ్ రిటర్న్, లైన్ ఫీడ్. లినక్స్‌కు లైన్ ఫీడ్ ఒక్కటే లైను ముగింపు. మిగిలిన క్యారేజ్ రిటర్న్ కంటికి కనబడకుండా ‘పైథాన్3’ పేరుకు తోకలా అతుక్కుంటుంది. ఆ తోకతో సహా పేరున్న ప్రోగ్రామ్ మీ సర్వర్లో లేదు. ఎర్రర్ మెసేజ్‌ను జాగ్రత్తగా చూడండి, కొన్నిసార్లు పేరు పక్కన బ్యాక్‌స్లాష్ ఆర్ కనబడుతుంది.

ఎడిటర్లో లైన్ ఎండింగ్‌ను ఎల్‌ఎఫ్‌కు మార్చి సేవ్ చేస్తే ఇప్పటికి సరి. ఫైళ్లలో మార్పుల చరిత్రను దాచే గిట్ వాడుతుంటే గిట్‌యాట్రిబ్యూట్స్ ఫైలులో ఈ స్క్రిప్టులకు ఎప్పుడూ ఎల్‌ఎఫ్ అని రాసి పెట్టండి, మీ సహోద్యోగితో ప్రతిసారీ వాదన పెట్టుకోనక్కర్లేదు. విండోస్‌లో ఈ సమస్య ఎందుకు రాలేదంటే, అక్కడ ఫైలును దేనితో నడపాలో ఎక్స్‌టెన్షన్‌ను బట్టి తేలుతుంది. పర్మిషన్ బిట్టుతో దానికి పని లేదు.

ప్రశ్న: నా స్క్రిప్టు తెలుగు పద్యాలను టెక్స్ట్ ఫైలులో రాస్తుంది. మ్యాక్‌లో చక్కగా వచ్చేది. ఇప్పుడు విండోస్‌లో ‘చార్‌మ్యాప్ కోడెక్’ ఎన్‌కోడ్ చేయలేనంటూ ఆగిపోతోంది. పైగా ‘పైరు’ అనే ఫోల్డర్‌ను పాత మ్యాక్ డిస్కు నుంచి కాపీ చేశాను. పేరు అచ్చం అలాగే కనబడుతోంది, స్క్రిప్టు మాత్రం అలాంటి ఫోల్డర్ లేదంటోంది. టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఈ ఉత్తరం కోసమే ఎదురుచూస్తున్నాను! ఇంగ్లిష్‌లో మాత్రమే పనిచేసేవాళ్లు చాలామంది ఈ రెండూ ఎప్పటికీ చూడకుండానే రిటైరైపోతారు.

మొదటిది తేలిక. ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా మార్చే పద్ధతి) చెప్పకుండా ఫైలు తెరిస్తే పైథాన్ ఆ సిస్టమ్ అలవాటును పాటిస్తుంది. మ్యాక్‌లో, ఈ రోజుల్లో లినక్స్‌లో అది యూటీఎఫ్-8. విండోస్‌లో మాత్రం పాత కోడ్‌పేజీ, ఎక్కువ మెషీన్లలో 1252. అందులో పశ్చిమ యూరప్ భాషల అక్షరాలున్నాయి, తెలుగు అక్షరం ఒక్కటి కూడా లేదు. కాబట్టి ఓపెన్ అని రాసిన ప్రతిచోటా ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని మీరే చెప్పండి, రాసేటప్పుడూ చదివేటప్పుడూ. పైథాన్ 3.15 నుంచి డిఫాల్టుగానే యూటీఎఫ్-8 ఉండాలని నిర్ణయమైంది, అయినా రాయండి. మీ స్క్రిప్టు ఏ వెర్షన్ మీద నడుస్తుందో మీ చేతిలో ఉండదు. ఎక్సెల్‌లో తెరవాల్సిన సీఎస్‌వీ అయితే ‘యూటీఎఫ్-8-సిగ్’ వాడండి. ఫైలు మొదట్లో అది పెట్టే గుర్తు లేకపోతే డబుల్ క్లిక్ చేసినప్పుడు ఎక్సెల్ తెలుగును పిచ్చిగీతలు చేస్తుంది.

రెండోది తెలుగువాళ్లకు వచ్చే అసలైన చిక్కు. ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఇచ్చే యూనికోడ్‌లో ఐత్వాన్ని రెండు రకాలుగా రాయవచ్చు. ఒకటి, 0సీ48 అనే ఒకే గుర్తు. రెండు, ఎత్వం 0సీ46, దాని కింద ఐత్వపు గుర్తు 0సీ56, రెండూ కలిపి. తెర మీద రెండూ ఒకటే, బైట్లలో వేరు. పాత మ్యాక్ డిస్కుల్లో ఉండే హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైల్ సిస్టమ్ (డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతి) ప్రతి పేరునూ విడదీసి దాచేది. మీరు కీబోర్డులో కొట్టిన ‘పైరు’లో ఐత్వం ఒక గుర్తు, డిస్కులో ఉన్న ‘పైరు’లో రెండు గుర్తులు. విండోస్, లినక్స్ ఇచ్చిన గుర్తులను ఉన్నవి ఉన్నట్టే పోల్చుతాయి, కాబట్టి వాటి లెక్కలో ఇవి రెండు వేర్వేరు పేర్లు. ఒకే చోట ‘పైరు’ అని రెండు ఫోల్డర్లు పెట్టుకోవచ్చు కూడా, చూసేవాళ్లకు మతిపోతుంది. 2017లో హై సియెర్రా వెర్షన్‌తో మ్యాక్‌లోకి వచ్చిన కొత్త ఫైల్ సిస్టమ్ ఏపీఎఫ్‌ఎస్ ఇలా విడదీయదు, ఇచ్చిన పేరును అలాగే ఉంచుతుంది. యూనికోడ్‌డేటా మాడ్యూల్లోని నార్మలైజ్‌తో ఫోల్డర్ల పేర్లన్నిటినీ ‘ఎన్‌ఎఫ్‌సీ’ అనే కలిపి రాసే రూపానికి ఒకసారి మార్చేయండి, ఐత్వం మళ్లీ ఒక్కటవుతుంది. తెలుగులో ఈ బాధ ఐత్వానికే. మిగతా గుణింతం జోలికి వెళ్లనక్కర్లేదు.

పద్యంలో మొదటి పాదాన్నే ఫైలు పేరుగా పెడుతున్నానని కూడా రాశారు కదా, అదీ చూసుకోండి. విండోస్ ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఒక పేరుకు 255 గుర్తులు, లినక్స్ ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4లో 255 బైట్లు. తెలుగులో ఒక్కో గుర్తుకు మూడేసి బైట్లు. అంటే 85 గుర్తులకే అయిపోతుంది. ‘స్త్రీ’ అని రాస్తేనే స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం కలిపి ఆరు గుర్తులు, 18 బైట్లు. సీసపద్యం పాదం పెడితే ఇక చెప్పేదేముంది.

ప్రశ్న: అధ్యాయాలను ఒకే ఫైలుగా కలిపే స్క్రిప్టు లినక్స్‌లో వరస తప్పుతోంది. విండోస్‌లో ఎప్పుడూ తప్పలేదు.

జవాబు: ఫోల్డర్లోని పేర్లు తెచ్చిచ్చే లిస్ట్‌డిర్ వాటి వరస గురించి ఏ హామీ ఇవ్వదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ పేర్ల వరసలో ఇవ్వడం మీ అదృష్టం. పేర్లను వరసలో పెట్టే సార్టెడ్ ఫంక్షన్ వాడండి. 10 కంటే 2 ముందు రావాలంటే 02 అని పేరు పెట్టండి.

ప్రశ్న: పాత రిపోర్టును తీసేసి కొత్తదాన్ని ఆ పేరుతో పెడతాను. లినక్స్‌లో ఏ పేచీ లేదు. విండోస్‌లో ఒక్కోసారి ‘విన్‌ఎర్రర్ 32’ (ఫైలును ఇంకో ప్రోగ్రామ్ వాడుతోందని), ఒక్కోసారి ‘ఫైలు ఇప్పటికే ఉంది’.

జవాబు: ఇవి రెండు వేర్వేరు జబ్బులు. లినక్స్‌లో ఫైలును డిలీట్ చేయడమంటే పేరు తీసేయడమే. తెరిచి ఉంచుకున్నవాళ్లు మూసేదాకా లోపలి సరుకు అలాగే ఉంటుంది. విండోస్‌లో ఎవరైనా తెరిచి ఉంచితే, తొలగించడానికి వాళ్లు ముందే ఒప్పుకుని తెరిస్తే తప్ప, పేరు కూడా కదలదు. 32 వచ్చిందంటే ముందు మీ స్క్రిప్టునే అనుమానించండి. ఓపెన్ చేసి క్లోజ్ చేయని చోటు ఉంటే, పని కాగానే ఫైలును దానంతట అదే మూసే ‘విత్’లో పెట్టండి. అది కాకపోతే ఎవరో ఆ రిపోర్టును ఎక్సెల్‌లో తెరుచుకుని భోజనానికి వెళ్లి ఉంటారు, దానికి కోడ్‌లో మందు లేదు.

రెండోది రీనేమ్ వల్ల. ఆ పేరుతో ఫైలు ఉంటే లినక్స్ చప్పుడు చేయకుండా దాని మీద రాసేస్తుంది, విండోస్ ఒప్పుకోదు. ఓఎస్ మాడ్యూల్లోని రీప్లేస్ వాడితే రెండు చోట్లా పాతది పోయి కొత్తది వస్తుంది, ముందుగా డిలీట్ చేసే పనే ఉండదు. కొత్త రిపోర్టును అదే ఫోల్డర్లో వేరే పేరుతో పూర్తిగా రాసి, మూసి, ఆ తర్వాత రీప్లేస్ చేయండి. వేరే డ్రైవ్ నుంచి అయితే అది పనిచేయదు.

ప్రశ్న: పని అయ్యాక పీడీఎఫ్ దానంతట అదే తెరుచుకోవాలి. మూడు సిస్టమ్‌లకూ ఒకే కమాండ్ ఉందా?

జవాబు: లేదు. విండోస్‌లో ఓఎస్ మాడ్యూల్లోని స్టార్ట్‌ఫైల్, మ్యాక్‌లో ‘ఓపెన్’, లినక్స్ డెస్క్‌టాప్‌లలో ‘ఎక్స్‌డీజీ-ఓపెన్’. ఏ సిస్టమో చూసి మూడు దారులు రాసుకోవాల్సిందే. బ్యాచ్ ఫైలులో ‘స్టార్ట్’ వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: కొటేషన్లలో మొదట కనబడిన దాన్ని అది విండో టైటిల్ అనుకుంటుంది. ఫైలు పేరును కొటేషన్లలో పెడితే పీడీఎఫ్ బదులు ఆ పేరుతో ఖాళీ నల్ల విండో తెరుచుకుంటుంది. ఫైలు పేరుకు ముందు ఖాళీ కొటేషన్ల జత ఒకటి పెట్టండి.