సమాధానం: క్రీ.శ. 69లో ఒకేసారి ఇద్దరు చక్రవర్తులా?

క్రీ.శ. 69 నాటి రోమన్ చక్రవర్తుల టైమ్‌లైన్ వేస్తుంటే వెస్పాసియన్, విటెల్లియస్ పాలనలు ఒకే సమయంలో వస్తున్నాయని, తేదీలు తప్పేమోనని అడిగారు. మీ తేదీలు తప్పు కాదు. వెస్పాసియన్ పాలన జులై 1న మొదలవడం, విటెల్లియస్ డిసెంబర్ దాకా రోమ్‌లో అధికారంలో ఉండటం రెండూ నిజమే. ఒకరు దిగాకే ఇంకొకరు ఎక్కారనుకుని వరుస వేయడం వల్లే మీ టైమ్‌లైన్ కుదరడం లేదు.

చాలామంది వదిలేసేది ఇక్కడే: ఒక్కో పేరుకు రెండు తేదీలు రాయాలి. సైన్యం చక్రవర్తిగా ప్రకటించిన రోజు ఒకటి, సెనేట్ (రోమ్ పెద్దల సభ) ఒప్పుకున్న రోజు ఇంకొకటి.

1. గాల్బా: అంతకుముందు చక్రవర్తి నీరో చనిపోయిన 68 జూన్‌లో సెనేట్ గుర్తించింది. 69 జనవరి 15న ఫోరంలో (రోమ్ నడిబొడ్డున ఉన్న కూడలి) చంపేశారు.
2. ఒథో: రెండూ అదే జనవరి 15న.
3. విటెల్లియస్: రైన్ సరిహద్దు సైన్యం జనవరి మొదట్లోనే ప్రకటించింది, అంటే గాల్బా బతికుండగానే! సెనేట్ గుర్తింపు మాత్రం ఒథో ఆత్మహత్య తర్వాత, ఏప్రిల్ 19న.
4. వెస్పాసియన్: జులై 1న ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో సైన్యం ప్రకటించింది. సెనేట్ ఒప్పుకున్నది డిసెంబర్ చివర్లో, విటెల్లియస్ హత్య తర్వాతే.

గెలిచాక వెస్పాసియన్ తన పాలనను జులై 1 నుంచే లెక్కించుకున్నాడు. సెనేట్ తేదీని పక్కన పెట్టేశాడు. అధికారం ఎవరి చేతిలో ఉందో ఈ ఒక్క లెక్కలోనే తెలిసిపోతుంది, నాకు ఆ ఏడాదిలో అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదే.

కాబట్టి జులై నుంచి డిసెంబర్ దాకా రెండు గీతలు పక్కపక్కనే గీయండి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా కూడా అంతే.