యారాలు ఇల్లు చూసొచ్చినంక నాకు నిద్ర పట్టట్లేదు: మీ ప్రశ్నలు, అయ్యగారి జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు ముందేసుకుని చూస్తే చాలావాటిల్లో ఒకటే బాధ కనపడుతుంది. ఇల్లు, పైసలు, పక్కవాళ్లకు ఉన్నది మనకు లేదని. అందుకే ఈసారి మూడు ప్రశ్నలే తీసుకున్నా, మొదటిదానికి జవాబు కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాది దేవరకొండ దగ్గర పల్లె. మా ఆయన ఆటో నడుపుతడు, నేను సీజన్ల పత్తి ఏరబోత, మిగతప్పుడు మిషన్ కుడత. ఇద్దరు పిల్లలు. మా యారాలుకు తల్లిగారి భూమి ఆమనగల్లు దిక్కు ఉండె, రింగు రోడ్డు వస్తదని రేట్లు పెరిగినయ్, ఆమె వాటా అమ్ముకొని రెండంతస్తుల ఇల్లు కట్టిన్రు. ఇంటి ప్రతిష్ఠ ప్రార్థనకు పోయినం. వంటింట్ల సొరుగు కొద్దిగ నెడితే సప్పుడు లేకుంట దానంతటదే మెల్లగ మూసుకుంటది అయ్యగారూ, ఎవరూ లేంది చూసి నేను మళ్ల మళ్ల తీసి మూసిన. ఇంటికొచ్చి మా రేకులు చూస్తే ఏడుపొచ్చింది. ఆదివారం ఆమె మందిరంల దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్తే అందరూ ఆమెన్ అన్నరు, నాకు నోరు రాలే. మా ఆయనతోని ఊకె కొట్లాటైతుంది. దేవుడు ఆమెకిచ్చి నాకెందుకియ్యలే? ఇల్లు కావాలనుకునుడు పాపమా? సంతృప్తి సంతృప్తి అంటరు గద, అది నాకెట్ల రావాలె?

జవాబు: చెల్లెమ్మా, ముందు భయం తీసేసుకో, ఇల్లు కావాలనుకోవడం పాపం కాదు. ఎండాకాలం మధ్యాహ్నం రేకుల కింద మిషన్ కుట్టేదానివి, స్లాబు వేసుకోవాలని అనిపించకపోతేనే ఆశ్చర్యపోవాలి. ప్రభువు నేర్పిన ప్రార్థనలోనే అనుదిన ఆహారం అడగమని ఉంది, అవసరాలు అడిగితే ఆయన కోప్పడడు. ఆ సొరుగు తీసి మూసి చూసినందుకు కూడా నిన్ను నువ్వు తిట్టుకోవాల్సిన పని లేదు, మంచి వస్తువు, బాగుంది, చూశావు అంతే.

పదో ఆజ్ఞ ఏం చెప్తుందంటే నీ పొరుగువాని ఇల్లు ఆశించొద్దు అని. ఆ ఆజ్ఞలో మొదట చెప్పింది ఇల్లే, ఆ తర్వాతే పొరుగువాని భార్య, దాసుడు, ఎద్దు, గాడిద. అంటే నాకూ ఒక ఇల్లుంటే బాగుండు అనుకోవడం ఒకటి, ఆమెకెందుకు ఉండాలి అని లోపల రగిలిపోవడం ఇంకొకటి. నువ్వు ఏ గీత దగ్గర ఉన్నావో నీ ఉత్తరంలోనే రాశావు, ఆమెన్ అనడానికి నోరు రాలేదని, ఇంట్లో కొట్లాట అని. మీ ఆయన తెల్లారి లేచి ఆటో తీసుకుని పోతే, పొద్దుగూకి వచ్చేసరికి ఆయన కష్టం ఇంకొకరి ఇంటితో తూకం వేసి ఉంటుంది, ఆ మనిషి మాత్రం ఏం చేస్తాడు చెప్పు.

1 రాజుల గ్రంథం 21వ అధ్యాయం ఈ రాత్రి ఇద్దరూ కలిసి చదవండి. అహాబు రాజు, రాజ్యమే ఆయనది, నగరు ఉంది, అయినా పక్కనున్న నాబోతు ద్రాక్షతోట కావాలన్నాడు, ఎందుకయ్యా అంటే కూరతోట వేసుకోవడానికట! మా తండ్రుల స్వాస్థ్యం, అంటే తాతల నాటి భూమి, నేనియ్యను అని నాబోతు అంటే రాజు మంచమెక్కి ముఖం తిప్పుకుని పడుకున్నాడు, అన్నం మానేశాడు. చివరికి ఆ కూరతోట కోసం అబద్ధ సాక్షులు పెట్టి ఒక మనిషిని రాళ్లతో కొట్టి చంపించారు. అహాబుకు లేనిదేంటి? అంత ఉన్నవాడికి కూడా లేని ఒక్కటే కనపడింది. రేపు నీకు రెండంతస్తులు వచ్చినా ఈ మనసు ఇట్లనే ఉంటే మూడంతస్తులది ఇంకొకటి కండ్ల ముందుకు వస్తుంది, అందుకే ఇల్లొస్తే సంతృప్తి వస్తుందని మాత్రం అనుకోవద్దమ్మా.

మరి ఎట్ల వస్తుంది అని అడిగావు. ఆసాపు అని ఒక భక్తుడు, దేవుని మందిరంలో పాటలు పాడే మనిషి, ఆయన రాసిన 73వ కీర్తన తీయి. అక్కడ ఆయన అచ్చంగా నీలాగే మాట్లాడతాడు, భక్తిలేనివాళ్ల క్షేమం చూసి నాకు అసూయ పుట్టింది, నా కాళ్లు జారడానికి కొంచెమే తక్కువైంది, నేను మనసు శుద్ధి చేసుకున్నది వట్టిదేనా అని. అంత ఘోరమైన మాట బైబిల్లో ఉంది చూడు, దేవుడు దాన్ని తీసేయలేదు. ఆసాపు ఈ మంటను పక్కింటోళ్లకు చెప్పుకోలేదు, దేవుని పరిశుద్ధ స్థలంలోకి పోయి అక్కడ దించుకున్నాడు, అక్కడే ఆయన లెక్క మారింది, "నీవు నాకుండగా లోకములోనిది ఏదియు నా కక్కరలేదు" అనేదాకా వచ్చాడు. ఆ మాట అనేటప్పుడు ఆయనకు కొత్తగా ఏ ఆస్తి వచ్చినట్టు ఆ కీర్తనలో లేదు. నువ్వు నాకు రాసిన ఉత్తరం ఉంది కదా, అదే ఏ మార్పు లేకుండా, సొరుగుతో సహా, మోకాళ్ల మీద దేవునికి చెప్పు. దేవుడు ఆమెకెందుకిచ్చాడు నాకెందుకియ్యలేదు అనే ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, ఉందని చెప్పే బోధకులను కూడా నేను నమ్మను. ఆసాపుకు కూడా ఆ జవాబు దొరకలేదు, దేవుడే దొరికాడు.

ఇంకొక సంగతి, కొందరికి పుట్టుకతోనే సంతృప్తి ఉంటుంది, నాకు లేదు అనుకోవద్దు. అపొస్తలుడైన పౌలు సంతృప్తిని నేర్చుకున్నానని చెప్తాడు, ఫిలిప్పీ పత్రిక 4వ అధ్యాయంలో. ఎక్కడ కూర్చుని రాశాడు అది? సంకెళ్లలో. కడుపు నిండి ఉండడం, ఆకలిగా ఉండడం రెండూ నేర్చుకున్నా అంటాడు, ఆ తర్వాతి వచనమే మన ఆటోల వెనకాల, క్యాలెండర్ల మీద ఉంటుంది, "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అని. ఆటో అద్దం మీద చూస్తే పరీక్ష పాసవడానికి, బిజినెస్ పెరగడానికి అన్నట్టు అనిపిస్తుంది కానీ పౌలు చెప్పింది లేమిలో కూడా నిలబడగలను అని, కలిమిలో కూడా నిలబడగలను అని. కాబట్టి మీ యారాలు కూడా నేర్చుకోవాల్సిందే, ఉన్నప్పుడు దేవుణ్ని మర్చిపోకుండా ఉండడం తక్కువ పరీక్షేం కాదు, ఆమె కోసం ప్రార్థన చేయి. నోరు రాని ఆ ఆమెన్ అక్కడ మొదలవుతుంది.

మన సంఘాలకు కూడా ఒక మాట చెప్పాలి, ఇది నాకు చాలా రోజుల నుంచి కడుపులో ఉంది. నల్లగొండలో చూడు, పాలమూరులో చూడు, సాక్ష్యం అంటే ప్లాటు కొన్నాం, వీసా వచ్చింది, ఇల్లు కట్టాం, ఇవే. రేకుల ఇంట్లో ఉండి, జ్వరమొచ్చిన పిల్లను ఎత్తుకుని, అయినా ప్రభువును విడవకుండా ఆదివారం వచ్చిన తల్లికి మైకు ఎందుకియ్యరు? ఆమెది సాక్ష్యం కాదా? మందిరంలో వినేది అంతా వచ్చిన వాటి లెక్కే అయితే రానివాళ్లు దేవుడు మమ్మల్ని మర్చిపోయాడనుకుంటారు, అనుకోరా మరి. హెబ్రీ పత్రిక 13వ అధ్యాయం 5వ వచనంలో ఉన్నవాటితో తృప్తిపడండి అని చెప్పి వెంటనే కారణం కూడా చెప్పాడు, "నిన్ను ఏమాత్రమును విడువను, నిన్ను ఎన్నడును ఎడబాయను" అని. ఆ మాట స్లాబు ఇంటికి ఎంత వర్తిస్తుందో రేకుల ఇంటికీ అంతే.

చేయాల్సిన పనులు కూడా చెప్తా. ఫోన్లో ఇండ్ల వీడియోలు చూడడం కొన్నాళ్లు బంద్ పెట్టు. ఆటో కిరాయి, నీ కుట్టు పైసలు ఇద్దరూ కూర్చుని ఒక నోట్‌బుక్‌లో రాయండి, కొట్లాట సగం అక్కడే తగ్గుతుంది. మీకు సొంత జాగా ఉంటే ఇందిరమ్మ ఇండ్ల పథకంలో 5 లక్షల సాయం ఉంది, పంచాయతీలో అడిగి అప్లికేషన్ పెట్టుకోండి, అప్లికేషన్ పెడితే సంతృప్తి లేనట్టు కాదు. ఇంకా యారాలు ఇంటికి ఒక్కదానివే పోయి ఒక పూట కూర్చుని రా, ఆమె పనిలో చెయ్యి కలుపు. దూరంగా ఉంటే ఆ ఇల్లే కనపడుతుంది, దగ్గరికి పోతే మనిషి కనపడుతుంది, ఆమె బాధలు ఆమెకూ ఉంటాయి.

ప్రశ్న: అన్నా, నేను జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో కాంట్రాక్టు మీద చేస్తున్నా. ఫోన్ ఈఎమ్ఐ, బైక్ ఈఎమ్ఐ పోను రూమ్ రెంట్‌కే కష్టం అవుతుంది. ఒక మీటింగ్‌లో దైవజనుడు విత్తనం వేస్తే నూరంతలు వస్తది, అప్పులు తీరిపోతయ్ అన్నడు, ఫ్రెండ్ దగ్గర అప్పు తెచ్చి కానుక వేసిన. ఇంక ఏం రాలే. నా విశ్వాసం తక్కువైందా?

జవాబు: తమ్ముడూ, నీ విశ్వాసానికి ఏం కాలేదు, నీకు చెప్పిన బోధే తప్పు. నూరంతలు అనే మాట మార్కు 10వ అధ్యాయంలో ఉంది, అది ప్రభువు కోసం ఇండ్లు, అయినవాళ్లు, పొలాలు వదిలిపెట్టినవాళ్లకు చెప్పింది, పైగా అదే వచనంలో హింసలతో పాటు అని ఉంది, ఆ ముక్క మీటింగ్‌లో ఎందుకో చదవరు. నూరంతల ఇండ్లు అంటే విశ్వాసుల ఇండ్లు తమ్ముడూ. పాలమూరు నుంచి బొంబాయి, పుణె వలస పోయినోళ్లను అడుగు, తెలియని ఊళ్లో సంఘపోళ్లు ఒక మూలకు చాప వేసి, ఇంత అన్నం పెట్టి, పని దొరికేదాకా ఉంచుకున్నారని చెప్తారు. ఆ నూరంతలు అదే.

దైవభక్తిని లాభసాధనం అనుకునే మనుషుల గురించి పౌలు తిమోతికి హెచ్చరిక రాశాడు, 1 తిమోతి 6:5. దాని కిందనే 6వ వచనం, "సంతుష్టి సహితమైన దైవభక్తి గొప్ప లాభసాధనమైయున్నది." రెండూ కలిపి చదువు. రెండు కాసులు వేసిన బీద విధవరాలి కథ మీటింగ్‌లో చెప్తారు, దానికి కొంచెం ముందే విధవరాండ్ర ఇండ్లు మింగే శాస్త్రుల మీద, అంటే ధర్మశాస్త్రం బోధించేవాళ్ల మీద, ప్రభువు మండిపడ్డాడు, అది చెప్పరు.

అప్పు తెచ్చి కానుక వేయొద్దు. ముందు ఫ్రెండ్ పైసలు తీర్చు, అదే ఇప్పుడు నీ ఆరాధన అనుకో. అప్పు చేసేవాడు అప్పిచ్చినవాడికి దాసుడు అని సామెతలు 22:7లో ఉంది, ఈఎమ్ఐ అని పేరు మార్చినంత మాత్రాన దాస్యం పోదు. ఫోన్ అయిపోయేదాకా కొత్త ఈఎమ్ఐ దేనికీ సంతకం పెట్టకు, షాపులో జీరో డౌన్ పేమెంట్ అన్నా సరే.

ప్రశ్న: అయ్యా, మాది మిర్యాలగూడ, మిల్లుల హమాలీ చేస్త. మా ఓనరు కూడ విశ్వాసే, సంఘంల పెద్ద. కూలి రేటు పెంచుమని ఐదారుగురం పోయి అడిగితే, మీ జీతములతో తృప్తి పడుడి అని బైబిల్ల ఉన్నది చదువుకోన్రి అన్నడు. మేం తప్పు చేసినమా?

జవాబు: మీరు తప్పు చేయలేదన్నా. ఆయన చెప్పిన వచనం లూకా 3:14, బాప్తిస్మమిచ్చు యోహాను మాట. కానీ ఎవరితో చెప్పాడు? సైనికులతో. చేతిలో ఆయుధం, అధికారం ఉండి జనాన్ని బెదిరించి, లేని నేరాలు మోపి పైసలు గుంజేవాళ్లతో. ఎవరినీ బాధపెట్టొద్దు, ఎవరి మీదా అపనింద వేయొద్దు, మీ జీతాలతో తృప్తి పడండి అన్నాడు. బలమున్నవాడు బలంలేనివాడిని దోచుకోకుండా ఆపడానికి చెప్పిన మాటను, బస్తా మోసేవాడి నోరు మూయించడానికి వాడడం నాకు చాలా బాధ కలిగించింది. ఆ వచనంలో సైనికుడి చోటులో మిల్లులో ఎవరున్నారో ఆ పెద్దమనిషే ఆలోచించుకోవాలి.

కూలి గురించి బైబిల్లో ఎక్కువ మాటలు కూలి ఇచ్చేవాడికే రాసి ఉన్నాయి. కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర పెట్టుకోవద్దు, లేవీయకాండం 19:13. పొద్దుగూకకముందే ఇచ్చేయాలి, వాడు బీదవాడు, దాని మీదే ఆశ పెట్టుకుని ఉన్నాడు, ద్వితీయోపదేశకాండం 24:15. కోత కోసినవాళ్లకు ఇవ్వకుండా బిగబట్టిన కూలి మొర పెడుతుంది, ఆ కేకలు సైన్యముల ప్రభువు చెవిన పడ్డాయి అని యాకోబు 5వ అధ్యాయం. అన్నవస్త్రాలు ఉంటే చాలని తృప్తి పడమన్న 1 తిమోతి పత్రికలోనే, ఒక అధ్యాయం ముందు, పనివాడు తన జీతానికి పాత్రుడు అని కూడా ఉంది. దాసుడిగా ఉన్నవాడిని చింతపడొద్దు అన్న పౌలే, స్వతంత్రుడివయ్యే వీలుంటే అవ్వు అన్నాడు, 1 కొరింథీ 7:21. పక్కోడి సొత్తు మీద కన్నేయొద్దు అంటే నీ చెమట లెక్క అడగొద్దని కాదు.

అడిగే తీరు మాత్రం విశ్వాసి తీరుగా ఉండాలి. మత్తయి 18లో ప్రభువు చెప్పిన వరస ఉంది, ముందు మీలో ఒకరు ఆయనతో ఒంటరిగా మాట్లాడండి, తిట్టకుండా, మిల్లు దగ్గర కాకుండా ఇంటి దగ్గర. వినకపోతే ఇద్దరు ముగ్గురు సాక్షులతో పోండి, మీ సంఘ కాపరిని కూడా తీసుకుపోండి. అప్పటికీ వినకపోతే సంఘ పెద్దల ముందు పెట్టండి, అందులో ఆయన కూడా ఒక పెద్ద కాబట్టి అక్కడ జవాబు చెప్పక తప్పదు. అది కూడా కాకపోతే లేబర్ ఆఫీసు ఉంది, పోవడంలో పాపమేం లేదు. పక్క మిల్లుల్లో బస్తాకు ఎంత ఇస్తున్నారో కనుక్కుని పోండి, ఒప్పుకున్న రేటు కాగితం మీద రాయించి తారీఖు వేయించుకోండి, ఒక కాపీ మీ దగ్గర కూడా ఉంచుకోండి.