కాంగోలో లియోపోల్డ్ పాలన వల్ల నిజంగా కోటి మంది చనిపోయారా?

కోటి అనేది అంచనా మాత్రమే. బెల్జియం రాజు రెండో లియోపోల్డ్ 1885 నుంచి 1908 దాకా మధ్య ఆఫ్రికాలోని కాంగోను సొంత ఆస్తిలా ఏలాడు, అక్కడ ఒక్కసారి కూడా కాలు పెట్టకుండానే. ఆ రోజుల్లో జనాభా లెక్కలు తీసినవాళ్లు లేరు. పైగా దిగిపోయే ముందు ఆయన కాంగో కాగితాలు చాలావరకు తగలబెట్టించాడు. అందుకే కొందరు చరిత్రకారులు కోటి అంటారు, కొందరు అంతకంటే బాగా తక్కువ అంటారు. లక్షల్లో చనిపోయారన్న దాంట్లో మాత్రం పేచీ లేదు.

అందరూ తుపాకీకే బలి కాలేదు. మగవాళ్లు అడవిలో తీగల నుంచి రబ్బరు తీసి, లియోపోల్డ్ మనుషులు పెట్టిన కోటా నింపాలి. నింపేదాకా వాళ్ల ఆడవాళ్లను బందీలుగా పెట్టుకునేవారు. ఇక పొలం చేసేదెవరు? ముందు ఆకలి, వెనకే మశూచి, నిద్రజబ్బు (ఈగ కాటుతో వచ్చే ప్రాణాంతక రోగం). పుట్టే పిల్లలూ తగ్గిపోయారు.

అక్కడ జనం చేతులు కూడా నరికేవారు. దాని వెనక ఉన్నది తూటాల లెక్క. వాడిన ప్రతి తూటాకీ సాక్ష్యంగా లియోపోల్డ్ సిపాయి ఒక శవం కుడిచెయ్యి తెచ్చి చూపాలి. తూటా వేటకు వాడేసినవాడు బతికున్నవాళ్ల చెయ్యి నరికి లెక్క సరిచేసేవాడు. 1904లో ఒక మిషనరీ తీసిన ఫొటోలో ఒక తండ్రి తన ఐదేళ్ల కూతురి తెగిన చెయ్యి, పాదం ముందు కూర్చుని ఉంటాడు. ఇలాంటి ఫొటోలే యూరప్‌ను కదిలించాయి.

1908లో బెల్జియం ప్రభుత్వం కాంగోను తీసుకుంది. లియోపోల్డ్‌కు శిక్ష పడలేదు సరికదా, కాంగో కోసం పడిన శ్రమకు కృతజ్ఞతగా 5 కోట్ల ఫ్రాంకులు ముట్టజెప్పేలా ఒప్పందం చేసుకున్నారు.