గ్రహశకలం మీద తిరిగే రోబోకు చక్రాలు ఎందుకు పనికిరావు?

చక్రం కదలాలంటే బరువుతో నేలను అదమాలి. ర్యుగు అనే గ్రహశకలంపై గురుత్వం భూమితో పోలిస్తే సుమారు 80 వేలో వంతే. చక్రం ఊరికే తిరుగుతుంది, రాయి తగిలితే రోబో పైకి లేచిపోతుంది. అందుకే గెంతించడమే మేలు. 2018లో జపాన్ నౌక హయబుసా-2 అక్కడ దింపిన మినర్వా రోబోలు చేసింది ఇదే. లోపలి మోటారు తిరిగితే, ఆ ఎదురుబలానికి రోబో మొత్తం ఎగురుతుంది. దుమ్ము దూరే చక్రాలూ ఇరుసులూ బయట ఉండవు, ఇదే నాకు బాగా నచ్చిన సంగతి. జోరు మాత్రం మించకూడదు: సెకనుకు అర మీటరు వేగంతో ఎగిరినా రోబో ఇక తిరిగి రాదు!

నేలనూ నమ్మలేం. 2020లో నాసా నౌక ఒసైరిస్-రెక్స్ చేయి బెన్నూ అనే మరో గ్రహశకలాన్ని తాకితే గులకల్లోకి దిగబడిపోయింది. గెంతితే కచ్చితంగా ఎక్కడ పడుతుందో చెప్పలేం కాబట్టి, ఒక పెద్ద రోబో బదులు చిన్నవి నాలుగు పంపడం నయం.