సెలైన్ ఎందుకు ఆపేశారు?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది ఇందుకూరుపేట మండలం. మా అమ్మకు అరవై రెండేళ్లు, షుగర్ ఉంది. పొలంలో గీసుకున్న కాలి పుండు చీముపట్టి, ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిందంటే నెల్లూరులో ఒక ఆసుపత్రి ఐసీయూలో చేర్చాం. మొదటిరోజు వరసగా సెలైన్ ఎక్కించారు. నాలుగో రోజుకు ముఖం, చేతులు ఉబ్బాయి. ఇప్పుడు సెలైన్ ఆపి, మూత్రం రావడానికి ఇంజెక్షన్ ఇస్తున్నారు. దాహమని అడిగితే గుక్కెడు నీళ్లే ఇస్తున్నారు. అన్నయ్య వాళ్లతో గొడవపడ్డాడు. ఇది నిర్లక్ష్యమా?

జవాబు: అమ్మా, మీ అమ్మగారిని చూడకుండా ఆ డాక్టర్ల నిర్ణయం సరైనదని నేను తీర్పు చెప్పలేను. కానీ మీరు రాసిన వరసలో నాకు నిర్లక్ష్యం కనిపించలేదు.

మాగాణి చేసేవారికి ఇది సులువుగా తెలుస్తుంది. కాలువ గట్టుకు ఎండ్రకాయలు బొరియలు పెడితే, ఎగువన తూము ఎంత ఎత్తినా చివరి మడికి నీరందదు, పక్క చేను బురదవుతుంది. ఇన్ఫెక్షన్ ఇలా ఒళ్లంతా పాకడాన్ని సెప్సిస్ అంటాం. అందులో సన్నని రక్తనాళాలు అలాగే కారి, ఒళ్లు ఉబ్బుతుంది. నాళాలు వదులై బీపీ కూడా పడిపోతుంది. అందుకే మొదటి మూడు గంటల్లో కిలో బరువుకు కనీసం 30 మిల్లీలీటర్ల సెలైన్ ఇవ్వాలని 2021 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచిస్తాయి. అరవై కిలోల మనిషికి అది 1800 మిల్లీలీటర్లు, దాదాపు నాలుగు అరలీటరు బాటిళ్లు. ఆ తర్వాత కూడా బీపీ నిలవకపోతే నాళాలను బిగించే నార్‌ఎపినెఫ్రిన్ మందు వాడతాం.

నేను కొత్తగా ఐసీయూలో చేరినప్పుడు బీపీ తగ్గితే మరో బాటిల్ పెట్టడమే తెలుసు. చీమకుర్తి గ్రానైట్ క్వారీలో పనిచేసే ఒకతనికి రెండు రోజుల్లో ఎనిమిది లీటర్లు ఎక్కించాను. జ్వరం తగ్గింది, కానీ ఊపిరితిత్తుల్లో నీరు చేరి పదకొండు రోజులు వెంటిలేటర్ మీదే ఉన్నాడు. లీటరు సెలైన్‌లో తొమ్మిది గ్రాముల ఉప్పు ఉంటుంది. అతని ఒంట్లోకి ఎంత ఉప్పు పంపానో ఆ రాత్రి లెక్క వేసుకున్నాను. ఇప్పటికీ కొత్త బాటిల్ వేలాడదీసే ముందు అతని ముఖం గుర్తొస్తుంది.

2011లో ఉగాండా, కెన్యా, టాంజానియాలలో తీవ్ర జ్వరంతో వచ్చిన పిల్లలపై జరిగిన పరీక్షలో, వేగంగా సెలైన్ ఎక్కించినవారిలోనే ఎక్కువమంది చనిపోయారు. అలాగని తక్కువిస్తే చాలని కూడా తేలలేదు. సెప్టిక్ షాక్ (సెప్సిస్‌తో బీపీ బాగా పడిపోవడం) ఉన్న పెద్దవారిపై యూరప్‌లో జరిగి 2022లో వెలువడిన పరీక్షలో, తక్కువిచ్చినా మామూలుగా ఇచ్చినా తొంభై రోజుల మరణాల్లో పెద్ద తేడా లేదు. కాబట్టి మేము రోగిని చూసి నిర్ణయిస్తాం. కాళ్లు పైకెత్తి ఉంచితే కాళ్లలోని రక్తం గుండెకు చేరుతుంది. గుండె పంపే రక్తం నిమిషంలో పెరిగిందంటే ఇంకొంత నీటితో మేలు జరగవచ్చు. వేలిని నొక్కి వదిలాక మూడు సెకన్లలోపే ఎరుపు తిరిగొస్తే రక్తం బాగానే చేరుతున్నట్టు.

అన్నయ్యను వెంటబెట్టుకుని వెళ్లి నిన్నటి చార్టు చూపించమని అడగండి: ఒంట్లోకి ఎంత వెళ్లింది, ఎంత బయటికి వచ్చింది? బీపీని నిలబెట్టే మందు మోతాదు తగ్గుతూ, మూత్రం గంటకు ముప్పై మిల్లీలీటర్లకు తగ్గకుండా వస్తుంటే, చేరిన నీటిని తీయడం సరైన దశే. ఆ మందు మోతాదు పెరుగుతుండగా మూత్రం ఇంజెక్షన్ ఇస్తుంటే మాత్రం కారణం గట్టిగా అడగండి. యాంటీబయాటిక్ కలిపే వంద మిల్లీలీటర్ల బాటిళ్లు కూడా ఆ లెక్కలోకి రావాలి.

దాహం చూస్తే మీ మనసు తరుక్కుపోతుందని తెలుసు. నర్సును అడిగి తడి గుడ్డతో పెదవులు తుడవండి. దయచేసి దొంగచాటుగా కొబ్బరి నీళ్లు తాగించవద్దు. మూత్రపిండాలు మందగించినప్పుడు అందులోని పొటాషియం గుండె లయను దెబ్బతీయగలదు.

కాలిలోని చీము పూర్తిగా తీశారా అని కూడా తప్పక అడగండి. మీ ఉత్తరంలో ఆ సంగతి లేదు, నన్ను ఎక్కువగా కలవరపెట్టింది అదే.