మూత్రంలో ఎన్‌డీఎంఏ: ఒంట్లోదా, మెషీన్‌లోదా?

ప్రశ్న: మా అమ్మ గ్యాస్ట్రిక్‌కి చాలా ఏళ్లు రానిటిడిన్ మాత్రలు వేసుకుంది. వాటివల్ల మూత్రంలో ఎన్‌డీఎంఏ అనే క్యాన్సర్ కారకం 400 రెట్లు పెరిగిందని ఒక అధ్యయనం వచ్చి, తర్వాత వెనక్కి తీసుకున్నారట. ఏది నమ్మాలి? అమ్మకి మూత్ర పరీక్ష చేయించమంటారా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: పరీక్ష వద్దమ్మా. ఎన్‌డీఎంఏని కాలేయం చాలా త్వరగా విరిచేస్తుంది. మూత్రంలోకి వచ్చేది బహు కొద్ది. ఎప్పుడో వేసుకున్న మాత్రల సంగతి ఇవాళ్టి మూత్రంలో దొరకదు.

ఇక ఆ అధ్యయనం. 2016లో పదిమందికి 150 మిల్లీగ్రాముల మాత్ర ఇచ్చి, మూత్రాన్ని గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో, అంటే నమూనాని ఆవిరి చేసి అందులోని పదార్థాలను విడదీసే మెషీన్‌లో పరీక్షించారు. అందులో నమూనా బాగా వేడెక్కుతుంది. ఎన్‌డీఎంఏ తయారవడానికి కావలసిన రెండు ముక్కలూ రానిటిడిన్ అణువులోనే ఉన్నాయి. మూత్రంతో పాటు వచ్చిన మందు ఆ వేడికి విరిగి మెషీన్‌లోనే ఎన్‌డీఎంఏగా మారే వీలుంది. అందుకే 2021లో ఆ పత్రాన్ని ఉపసంహరించుకున్నారు. అదే ఏడాది అమెరికా ఎఫ్‌డీఏ 18 మంది ఆరోగ్యవంతులకు 300 మిల్లీగ్రాములు ఇచ్చి, అంత వేడి అక్కర్లేకుండా ద్రవంలోనే పదార్థాలను విడదీసే లిక్విడ్ క్రొమటోగ్రఫీతో, అణువుల బరువును బట్టి వాటిని గుర్తుపట్టే మాస్ స్పెక్ట్రోమెట్రీతో కొలిచింది. మూత్రంలో ఎన్‌డీఎంఏ పెరగలేదు. నేను నమ్మేది దీన్నే.

ఇలాంటి ల్యాబ్‌లో ఏళ్లు పనిచేసినవాడిగా చెబుతున్నాను, నానోగ్రాముల (గ్రాములో వందకోట్లవ వంతు) లెక్కలో మాకు పెద్ద టెన్షన్ ఇదే: దొరికింది నమూనాలోదా, మన బల్ల మీద పుట్టిందా? మూత్రంలో నైట్రైట్, ఎమైన్‌లు (నైట్రజన్ ఉన్న ఒక రకం పదార్థాలు) ఉంటే ఆమ్లం తగలగానే అవి కలిసి ఎన్‌డీఎంఏ లాంటివి పుట్టిస్తాయి. అందుకని నైట్రైట్‌ని పట్టేసే సల్ఫామిక్ ఆమ్లమో విటమిన్ సీనో ముందే కలుపుతాం. నమూనాలో మార్ఫోలిన్ అనే ఎమైన్ కూడా కొంచెం వేస్తాం. చివర్లో అది నైట్రోసోమార్ఫోలిన్‌గా మారి కనిపించిందా, అలాంటివి మన బల్ల మీదే పుడుతున్నట్టు లెక్క; ఆ రోజు పనంతా పక్కన పడేయాల్సిందే. వెలుతురుకి ఎన్‌డీఎంఏ విరిగిపోతుంది కాబట్టి గోధుమరంగు సీసాలు వాడతాం. అది ఇట్టే ఆవిరైపోతుంది కూడా. ఎన్‌డీఎంఏ కరిగి ఉన్న ద్రావకాన్ని నైట్రజన్ వాయువు ఊది తగ్గించేటప్పుడు అడుగున ఒక చుక్క ఉండగానే ఆపేయాలి. ఎంత పోయిందో తెలియడానికి డ్యుటీరియం (బరువు ఎక్కువ ఉన్న హైడ్రోజన్) ఉన్న ఎన్‌డీఎంఏని మొదట్లోనే తూచి కలుపుతాం. ఈ జాగ్రత్తలేవీ రాయని రిపోర్టు మీద నాకు నమ్మకం కుదరదు.

అలాగని మాత్రకి క్లీన్ చిట్ ఇచ్చినట్టు కాదు. నిల్వ ఉన్నకొద్దీ, వేడి తగిలినకొద్దీ మాత్రలోనే ఎన్‌డీఎంఏ పెరుగుతోందని తేలి, 2020 ఏప్రిల్‌లో వాటిని మార్కెట్ నుంచి తీసేయమని ఎఫ్‌డీఏ కంపెనీలను కోరింది. ఇంట్లో పాత స్ట్రిప్పులుంటే అమ్మని వాడనివ్వకండి. మంట తగ్గకపోతే వేరే మందు కోసం డాక్టర్‌ని అడగండి.